సగం కడిగిన ముఖాలు

ఉగాదికి ముందు ఇంటికి సున్నం వేయించే అలవాటు మా వీధిలో ఇప్పుడు నాకొక్కదానికే మిగిలింది. తక్కిన ఇళ్లన్నీ డబ్బాల్లో వచ్చే రంగులకు మారి చాలాకాలమైంది. కిటికీ తెరిస్తే సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించే ఈ ఎర్రగుంట్లలో, సున్నపురాయి మీదనే బతికే ఊళ్లో, గోడకు సున్నం కొట్టించుకునేవాళ్లు కరువైపోవడం విచిత్రమే. ఈ ఏడాది కూడా పనివాడు వచ్చి, పెరట్లో సగానికి కోసిన ఇనుప డ్రమ్ములో రాతిసున్నం పోసి, దాని మీద బిందెడు నీళ్లు కుమ్మరించాడు. రాళ్లు బుసకొట్టి, పగిలి, పొంగి, వేడి ఆవిరి లేచింది; ఆ ఆవిరితోపాటు, తడిసిన మట్టికీ కాలిన రాతికీ మధ్య ఎక్కడో ఉండే ఆ ఘాటైన వాసన వంటింటి దాకా వచ్చి, పొయ్యి మీది కాఫీ వాసనను పక్కకు తోసి, నన్ను తీసుకుపోయి మా ఊరి చావిడి ముందు అయిదో తరగతి చదివే పిల్లగా నిలబెట్టింది.

నేను గణాంక శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందినదాన్ని. తేదీ లేని సంఘటననూ కొలత లేని వస్తువునూ నమ్మకపోవడం నాకు ఉద్యోగం నేర్పిన గుణం కాదు. గుణం ముందే ఉండి, ఉద్యోగం దాన్ని వెతుక్కుంటూ తరువాత వచ్చింది. అయితే ఇప్పుడు రాయబోయే ఇద్దరి విషయంలో నా దగ్గర ఒక్క తేదీ కూడా లేదు. తాము ఎప్పుడు పుట్టారో వాళ్లకే తెలియదు. వాళ్ల ఆటల గురించి ఏ పత్రికా రాయలేదు. వాళ్లకు ఫోటో తీసినవారెవరూ నాకు కనబడలేదు. అందువల్ల నేను చదివిన తరగతులనే కొలబద్దగా పెట్టుకుని, చూసినదాన్ని చూసినట్టుగా, విన్నదాన్ని విన్నదని చెప్పి మరీ రాస్తున్నాను.

మా ఊరు ఎర్రగుంట్లకు ఎడ్లబండి మీద ఒక పూట దూరం. నాపరాళ్ల గోడలు, పైన చౌటిమన్ను పరిచిన మిద్దెలు, ఎండాకాలంలో మధ్యాహ్నం కాలు పెడితే బొబ్బలెక్కే నల్లటి బండల అరుగులు, ఊరి చుట్టూ చెనిక్కాయ, అంటే వేరుశెనగ చేలు, చేల అంచున ముళ్లకంప, ఆ తరువాత ఏమీ లేని ఆకాశం. తొలకరి పడితే మట్టి వాసనకు మా నాయనమ్మ, జేజి అనేవాళ్లం, మిద్దె మీదికి ఎక్కి గాలి పీల్చి, ఈ వాన ఎన్నాళ్లుంటుందో చెప్పేది. తరచుగా తప్పు చెప్పేది. కార్తీకంలో చెనిక్కాయ పెరికినప్పుడు ఇల్లంతా పచ్చికాయల వాసన, పొయ్యి మీద ఉప్పునీళ్లలో ఉడికే కాయల వాసన, దొడ్లో ఆరబోసిన చెనిక్కట్టె వాసన కలిసిపోయేవి. రాత్రి రాగిసంకటి, పుంటికూర పప్పు. పండగకు బొబ్బట్లలాంటి ఓళిగలు, అలసంద వడలు, బెల్లం పాకం చేతికి అంటుకునే కర్జికాయలు. మా ఇంటి పక్క ఇల్లు ఓబులమ్మది. ఆమె కూతురు సుబ్బులు నా ఈడుది, బడిలో నా పక్కన కూర్చునేది. ఓబులమ్మ మొగుడు బతికున్నప్పుడు వాళ్ల అరుగు బండ మీదనే ఉలితో వామనగుంటలు తొలిచి ఇచ్చాడు. వరసకు ఏడు, రెండు వరసలు, ఒక్కొక్కటి చింతగింజలు పన్నెండు పట్టేంత లోతు. వామనగుంటల పీట ఊళ్లో చాలామందికి ఉండేది గానీ, ఇంటి నుంచి విడదీయలేని వామనగుంటలు సుబ్బులుకు మాత్రమే ఉండేవి. మా బాల్యం చాలావరకు ఆ బండ మీదనే గడిచింది.

మాఘమాసంలో, చెనిక్కాయ పంట ఇళ్లకు చేరి, మనుషులకు కాస్త తీరిక దొరికిన రోజుల్లో, కోవెలకుంట్ల దిక్కునుంచి వాళ్లిద్దరూ నడిచి వచ్చేవాళ్లు. ఒకరు దూదేకుల మస్తానప్ప. సన్నగా, పొడవుగా, దూది ఏకే విల్లు భుజాన వేసుకుంటే ఏది విల్లో ఏది మనిషో దూరానికి తెలిసేది కాదు. రెండోవాడు ఏసన్న, పొట్టిగా, వెడల్పుగా, బావులు తవ్వి తవ్వి గట్టిపడ్డ మెడతో ఉండేవాడు. అతనిది ఆదివారం తప్పకుండా చర్చికి పోయే కుటుంబం. ఇద్దరూ వేషాలు కట్టే కులాల్లో పుట్టినవాళ్లు కారు, ఎవరి దగ్గరా నేర్చుకున్నవాళ్లూ కారు. వాళ్లు ఎలా జతపడ్డారో మా జేజి చెప్పేది. ఇది విన్న సంగతి. ఏసన్న ఎవరిదో బావి తవ్వుతున్నాడట, చాలా లోతు పోయినా చెమ్మ తగలలేదట. పైనున్న ఆసామి మొహం ముడుచుకుని తొంగి చూస్తుంటే, లోపలినుంచి ఏసన్న గట్టిగా అరిచాడట:

"అప్పా, ఈడ ఇంకొక ఊరు ఉండాది! బియ్యం శానా చవక!"

ఆ దారిన విల్లు మోసుకుని పోతున్న మస్తానప్ప ఆగి, బావిలోకి వంగి, "పిల్లనిచ్చేవాళ్లు ఉండారేమో కనుక్కో!" అన్నాడట.

"ఉండారు. ఆస్తి ఏముందని అడుగుతాండారు!"

"ఒక విల్లు, రెండు చెవులు ఉండాయని చెప్పు!"

"చెవులు సాలంట, విల్లు వద్దంట!"

పొద్దు వాలేదాకా వాళ్లు అలా మాట్లాడుకుంటూనే ఉన్నారట. ఊరంతా నీళ్లు పడని ఆ బావి చుట్టూ కూర్చుని కడుపు పట్టుకుని నవ్విందట. ఆసామి బావిని అక్కడికి ఆపేసి, ఏసన్నను పైకి లాగి, ఇద్దరికీ అన్నం పెట్టాడట. మరుసటి వారం పక్క ఊరివాళ్లు కబురు పెట్టారు. పోయినప్పుడు బావి లేదు గనుక ఇంకేదో చేయవలసి వచ్చింది. అదే వాళ్ల వృత్తి అయింది.

వాళ్ల ఆటకు కథ ఉండదు, పాట ఉండదు, అరుగు మీద తెర కట్టరు. సుద్దలో కాస్త సున్నం కలిపి ముఖానికి దట్టంగా పూసుకుని, పొద్దున్నే ఊళ్లోకి వచ్చి, ఏదో ఒక పనిని చాలా శ్రద్ధగా మొదలుపెడతారు. ఒక ఏడు ఏసన్న ఎద్దు, మస్తానప్ప సేద్యగాడు. నడివీధిని కర్రతో దున్ని, జొన్నలు చల్లి, సాయంత్రానికి మొలకలు రాలేదని వీధి మధ్యన కూర్చుని ఏడ్చారు. దారిన పోయే ఆడవాళ్లు నిజంగానే ఓదార్చారు. ఇంకొక ఏడు లేని మేకను ఒకటి పట్టుకొచ్చి, అన్నదమ్ములుగా పంచుకోలేక కొట్లాడితే, ఊరి పెద్దలు నలుగురు కూర్చుని ఆ లేని మేకకు పంచాయితీ చేశారు. తల పెద్దవాడికి పోవాలా చిన్నవాడికి పోవాలా అన్న చోట ఆ పెద్దల మధ్యనే మాటామాటా పెరిగి, ఇద్దరు కొన్నాళ్లు పలకరించుకోలేదు. ఇది నేను చూసినదే.

మా మేనత్త పెండ్లిలో వాళ్లు చేసినది నాకు రుచితో సహా గుర్తుంది. మొదటి పంక్తి లేవగానే ఇద్దరూ వచ్చి, రెండు ఖాళీ విస్తరాకుల ముందు కూర్చుని, ఎవరినీ ఏమీ వడ్డించనివ్వకుండా, భోజనం చేయడం మొదలుపెట్టారు. వేళ్లతో కలిపారు, ముద్ద చేశారు, నమిలారు, పులుసు మణికట్టు మీదికి కారితే నాకారు.

"ఓళిగలో నెయ్యి తగ్గింది కదప్పా?" అన్నాడు మస్తానప్ప.

"అది నా ఓళిగ. నీ విస్తరి అటు ఉండాది."

"నీది ఎప్పుడో మింగినావు, నేను చూడలేదనుకున్నావా?"

ఆ మాట విని వంటవాళ్లు గాబరాపడి, తరువాతి పంక్తికి నెయ్యి రెండింతలు పోశారు. పెద్దమ్మ నిజమైన అన్నం తెచ్చి ఎంత బతిమాలినా, కడుపులో చోటు లేదని ఇద్దరూ దండం పెట్టి, నడుములు పట్టుకుని, ఒకరినొకరు ఆనుకుని లేచారు. మేము ఆ రోజు తిన్న ఓళిగల కంటే, వాళ్లు తినని ఓళిగల రుచే ఇప్పటికీ నాలుక మీద ఉంది.

ఒంటిమిట్ట కల్యాణానికి పోయినప్పుడు కూడా ఒకసారి తగిలారు. అప్పుడు నేను మూడో తరగతి. ఎండలో వరస కట్టిన జనం పక్కన ఒక గొడుగు పట్టుకుని నీడ ఇస్తామని కేకలు వేస్తున్నారు. దగ్గరికి పోయి చూస్తే ఆ గొడుగుకు గుడ్డ లేదు, ఊచలు మాత్రమే ఉన్నాయి. "నీడ సన్నంగా ఉంటాది, సర్దుకోవాల" అని ఏసన్న వచ్చినవాళ్లను ఒక్కొక్క ఊచ కింద ఒక్కొక్కరిని కూర్చోబెడుతున్నాడు. ఏమివ్వాలని మా నాయన అడిగితే, "దుడ్లు వద్దప్పా, లేచేటప్పుడు శానా చల్లగా ఉండిందని నాలుగు మందికి చెప్పు" అన్నాడు మస్తానప్ప. మా నాయన అలాగే చెప్పాడు. మేము వరసలో ముందుకు కదిలి వెనక్కి చూసేసరికి ఆ ఊచల కింద కూర్చోవడానికి మరొక వరస ఏర్పడి ఉంది.

ఇంత గందరగోళంలోనూ వాళ్లు తప్పని నియమం ఒకటి ఉండేది. దీపాలు పెట్టే వేళకు చావిడి ముందుకు వచ్చి కూర్చుంటారు. ఊళ్లోనుంచి ఎవరైనా ఒకరు ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి ఇవ్వాలి. ఆ నీళ్లతో ముఖం కడుక్కుని, "పొద్దున్నుంచి ఆడినదంతా అబద్ధం, ఇంగ మేము మనుషులం" అని చెబితేనే ఆట ముగిసినట్టు. కడుక్కునేదాకా వాళ్లను పేరు పెట్టి పిలవకూడదు, వాళ్లు అన్నం ముట్టకూడదు, ఊరు దాటకూడదు. ఆ నీళ్లను వేషం నీళ్లు అనేవాళ్లం. ఇచ్చిన ఇల్లు ఆటను మన్నించినట్టు లెక్క. అందుకని ఎక్కువగా ఎగతాళికి గురైన ఇంటివాళ్లే ముందుగా చెంబు తెచ్చేవాళ్లు. ఆ తరువాత చెనిక్కాయలో, కొర్రలో, పాత పంచెలో, ఎవరికి తోచినది వాళ్లు ఇచ్చేవాళ్లు.

నేను అయిదో తరగతికి వచ్చేసరికి వరసగా మూడేళ్లు వానలు లేవు. చెనిక్కాయ వేసినవాళ్లకు విత్తనం కూడా తిరిగి రాలేదు. ఊరి బావిలో బొక్కెన అడుగుకు తగిలి రాయి మోత వినిపించేది. మొగుడు పోయి, ఉన్న మెట్టచేను ఎండి, ఓబులమ్మ ఇక ఇక్కడ బతకలేనని నిశ్చయించుకుంది. కర్నూలు దిక్కున మిరప చేలలో కూలి దొరుకుతుందని ఆమె అక్క కబురు పెట్టింది. చేను కౌలుకు తీసుకోవడానికి మా పెద్దనాయన ఒప్పుకున్నాడు. ఆయన ఊళ్లో పెద్ద రైతు. మంచివాడే గానీ, ఎవరి చేను ఖాళీ అయినా ముందుగా ఆయనకే తెలిసేది. ప్రయాణం మాఘంలోనే కుదిరింది. ముందురోజు పొద్దున్నే బండి తెచ్చి ఇంటి ముందు నిలిపి మూటలు ఎక్కించసాగారు. నేనూ సుబ్బులూ అరుగు మీద ఆఖరి ఆట ఆడుతూ, ఆట అయిపోకుండా ఉండాలని ఒకరి గింజలు ఒకరం తిరిగి గుంటల్లో వేస్తూ కూర్చున్నాం. ఆ బండ బండి మీదికి ఎక్కదని ఇద్దరికీ తెలుసు.

ఆ పొద్దున్నే వాళ్లు వచ్చారు. ఖాకీ అంగీలు, తలకు గుడ్డలు, ముఖాలకు సున్నం. మస్తానప్ప ముక్కాలిపీట మీద అడుగు ఊడిన లోటాను అడ్డంగా పెట్టి, దానిలోంచి ఒక కన్నుతో చూస్తున్నాడు. ఏసన్న రంధ్రం ఉన్న గోతం భుజాన వేసుకుని, అతను చేయి చూపిన దిక్కుకు నడుస్తుంటే, వెనకాల తెల్లని సున్నం గీత పడుతున్నది. ఏమిటని అడిగితే కాలువ అన్నారు. పెన్న నుంచి ఊళ్లోకి కాలువ.

వాళ్లెవరో ఊరంతటికీ తెలుసు. అంతా నవ్వారు. గీత చావిడి మెట్లెక్కి దిగింది, కమ్మరి కొలిమి చుట్టూ తిరిగింది, ఒక ముసలాయన మంచం కింద దూరింది. కాసేపటికి నవ్వుతూనే ఒకరు, మా చేను మీదుగా పోనియ్యప్పా అన్నారు. ఇంకొకరు, ముందు మాది అన్నారు. ఆ తరువాత నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. మధ్యాహ్నానికి గీత పక్కన నడిచే మనుషులు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. పక్క తాలూకాలో నిజంగానే కొలతలకు వచ్చారట అని ఒకరు; వేషగాళ్లయినా ఎవరో చెప్పకుండా ఊరికే గీత గీస్తారా అని ఒకరు. మూడేళ్లు వాన లేని చోట నీళ్ల మాట అబద్ధమని తెలిసి కూడా చెవి అటే పోతుంది.

గీత మా పెద్దనాయన కొట్టం దగ్గరికి వచ్చి ఆగింది. మస్తానప్ప లోటాలోంచి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఏమప్పా, ఏమాయ?" అన్నాడు పెద్దనాయన.

"గోడ అడ్డమొస్తాండాది. గోడ ఉంటే పక్కూరికి తిప్పాల."

"పక్కూరికా?" పెద్దనాయన తువాలు తీసి భుజాన వేసుకున్నాడు. "ఒరే, గడ్డపార తేండిరా!"

జీతగాళ్లు సందేహించారు. ఆయనే గడ్డపార పట్టుకుని, తన తాత కట్టించిన కొట్టం గోడలను ఇవతలొకటి, అవతలొకటి పడగొట్టాడు. దుమ్ములోంచి ఎద్దులు తలలెత్తి చూశాయి. వేషగాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్లు నవ్వించాలని మొదలుపెట్టిన పనిలో నవ్వు లేని క్షణం అదేననుకుంటాను. అయినా వేషంలో ఉన్నారు గనుక ఆగకుండా గీతను కొట్టంలోంచే నడిపించి ఓబులమ్మ ఇంటి ముందుకు తెచ్చారు. అక్కడ బండి నిలబడి ఉంది.

"ఈ బండి యాడికి పోతాందమ్మా?" అన్నాడు ఏసన్న.

"కర్నూలు దిక్కు. రేపు తెల్లారకముందే పోతాం."

"కాలవలో బండి నిలిపితే ఎట్ల? పడవ కావాల గదా!"

సుబ్బులు ఫక్కున నవ్వింది. నాలుగైదు రోజులుగా ఆ పిల్ల నవ్వలేదు. ఓబులమ్మ కూతురి వైపు చూసి, బండి మీదనుంచి ఒక మూట దించింది. తరువాత ఇంకొకటి దించింది. కాలువ వస్తే సుబ్బులు పోదు. నాకు కావలసినది అంతే. ఆ కాలువలో నీళ్లుంటాయా లేదా అన్నది నాకు పట్టలేదు.

దీపాల వేళకు వాళ్లు వచ్చి చావిడి ముందు కూర్చున్నారు. ఊరంతా చేరింది. ఎవరూ చెంబు తేలేదు. ముఖాలు కడిగితే కాలువ అబద్ధమవుతుంది. అబద్ధమైతే పెద్దనాయన గోడ ఊరికే పోయినట్టవుతుంది. ఆయన అరుగు అంచున నిలబడి, "ఈ పొద్దు ఎవురూ నీళ్లు ఇయ్యాకండి. తాగనే లేవు, మొగాలకు యాడుండాయి?" అన్నాడు. నేను ఆయన పక్షాన ఉన్నాను. కడుక్కోకూడదని నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. సున్నం ఎండి బిగుసుకుని, వాళ్ల చెంపల మీద బీటలు పడుతున్నది. ఏసన్న గోక్కోబోతే మస్తానప్ప చేయి పట్టుకుని ఆపాడు. ఊరికి వాళ్లు బందీలో, వాళ్లకు ఊరు బందీయో చెప్పలేని పరిస్థితి.

అప్పుడు ఓబులమ్మ గుంపులోంచి ఇత్తడి చెంబుతో వచ్చింది.

"ఓబులమ్మా, నీకేం పోయేకాలం వచ్చిందిమే?" అన్నాడు పెద్దనాయన. "కాలవ నీ ఇంటి ముందర కూడా పోతాది గదా!"

"నాకు తెలుసు రెడ్డప్పా. పొద్దున్నుంచీ తెలుసు. కాలవొస్తాదని మూటలు దించలేదు. పిల్ల నవ్వింది, ఆ నవ్వు అయిపోయేదాకా ఉందామని దించినా." చెంబు వాళ్ల ముందు పెట్టింది. "సున్నం తింటాది మొగాలను. కడుక్కోండప్పా."

"ఇన్ని నీళ్లు యాడివి తల్లీ?" అన్నాడు ఏసన్న.

"రేపు దోవలో తాగను పెట్టుకున్నవి."

మస్తానప్ప చెంబు వంచి, దోసిట్లోకి కొన్ని నీళ్లు తీసుకుని, ముఖంలో కుడి సగం మాత్రమే కడుక్కున్నాడు. చెంబు ఏసన్నకు ఇచ్చాడు. అతను ఎడమ సగం మాత్రమే కడుక్కున్నాడు. తరువాత చెంబును జాగ్రత్తగా ఓబులమ్మ చేతికి తిరిగి ఇచ్చారు. సగం నీళ్లు అలాగే ఉన్నాయి. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు ఆనుకుని నిలబడితే, కడిగిన సగాలు రెండూ కలిసి మధ్యలో ఒక మనిషి ముఖం, అటూ ఇటూ చెరొక తెల్లని చెంప కనిపించాయి.

"అదేందప్పా, సగం?" అన్నాడు పెద్దనాయన.

"సగం అబద్ధం కడిగినాం రెడ్డప్పా," అన్నాడు మస్తానప్ప. "మిగిలిన సగం కరువు తీరినాక, ఈయమ్మ చేతి నీళ్లతోనే కడుక్కుంటాం. వచ్చే మాఘానికి వస్తాం. ఈయమ్మ ఈడ ఉండాల మరి."

"లేకుంటే?"

"లేకుంటే ఏముండాది," అన్నాడు ఏసన్న, "మా కోవెలకుంట్ల సంతలో కడుక్కుంటాం. ఆడ శానామంది ఉంటారు. ఈ సున్నం ఎట్లొచ్చిందని అడుగుతారు. కాలవ చెప్పాల, కొట్టం చెప్పాల, గడ్డపార ఎవురు పట్టుకున్నారో చెప్పాల..."

ముందుగా నవ్వింది మా జేజి. మిద్దె మీదనుంచి నవ్వింది. పళ్లు లేని ఆ నవ్వు చావిడి అంతా వినిపించింది. తరువాత ఊరు నవ్వింది. పెద్దనాయన మీసం దువ్వుకుని, ఎటూ తేల్చుకోలేక, చివరకు ఆయనా నవ్వేశాడు. "ఓబులమ్మా, యాడికీ పోవద్దుమే నువ్వు. విత్తనం నాది, ఎద్దులు నావి. చేను నీదే, నువ్వే చేసుకో. ఈ దొంగనాయాళ్ల నోరు మూయల్లంటే నువ్వు ఈడ్నే ఉండాల!" అన్నాడు.

ఓబులమ్మ చెంబులో మిగిలిన నీళ్లను చూసింది. సుబ్బులుకు కొన్ని ఇచ్చింది. నాకూ కొన్ని ఇచ్చింది. సున్నం రుచి తగిలింది.

ఆ ఏడు వాన పెద్దగా పడలేదు గానీ, కొర్ర పండింది. మరుసటి మాఘంలో వాళ్లు వచ్చారు. ఏదో కొత్త అల్లరి చేశారు. దీపాల వేళకు ఓబులమ్మ చెంబు తెచ్చింది. "కరువు తీరిందామ్మా?" అన్నాడు ఏసన్న. ఆమె ఆలోచించి, "సగం తీరిందప్పా" అంది. వాళ్లు సగమే కడుక్కున్నారు. ఆ తరువాతి ఏడూ అంతే. నేను పదో తరగతి ముగించి కడపలో హాస్టలుకు పోయేదాకా ఏటా చూశాను: అదే ప్రశ్న, అదే జవాబు, సగం తెలుపు ముఖాలతో పొలిమేర దాటిపోయే ఇద్దరు మనుషులు. పెద్దనాయన కొట్టం గోడలను తిరిగి కట్టలేదు. కడితే కాలువ రాదని ఒప్పుకున్నట్టవుతుంది. గండిలోంచి మనుషులు నడవసాగారు, తరువాత బండ్లు నడిచాయి. ఆ గీత మీద ఎవరూ ఇల్లు కట్టలేదు, మెట్టు వేయలేదు. దానికి కాలువ సందు అని పేరు నిలిచింది. సర్వే పటంలో ఆ సందు లేదు. కొట్టం దగ్గర నేను టేపు పెట్టి కొలిచాను: ఎనిమిది అడుగులు.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో వాళ్ల సంగతులు అప్పుడప్పుడూ తెలిసేవి. ఎవరో ఎన్నికల సభకు జనాన్ని పోగుచేయడానికి పిలిస్తే పోయి, నాయకుడు నోరు తెరవకముందే గట్టిగా చప్పట్లు కొట్టి, ఉపన్యాసం చాలా బాగుందని చెప్పి దిగి వచ్చేశారట. మళ్లీ ఎవరూ పిలవలేదు. ఊళ్లకు టీవీలు వచ్చాక వాళ్ల ఆటకు జనం తగ్గారు. వాళ్లు కోపగించుకోలేదు. నేను చూసిన ఒక మాఘంలో, పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా టీవీ చూస్తుంటే, వాళ్లిద్దరూ టీవీ కింద జనానికి ఎదురుగా కూర్చుని, ఆ జనాన్ని చూస్తూ నవ్వారు, ఏడ్చారు, ఉత్కంఠతో గోళ్లు కొరుక్కున్నారు. కొద్దిసేపటికి టీవీని చూసేవాళ్లు ఎవరూ లేరు.

ఏసన్న పోయిన సంగతి సుబ్బులు చెప్పింది. ఇది కూడా విన్నదే. వాళ్ల ఊరి చర్చి వెనక సమాధుల దొడ్డిలో పెట్టె గుంటలోకి దించాక, ప్రార్థన అయ్యాక, మస్తానప్ప ముందుకు వచ్చి, గుంట అంచున వంగి, గట్టిగా అరిచాడట:

"ఏసన్నా! ఆడ ఊరేమన్నా ఉండాదా?"

అతను చెవి ఒగ్గి కొంతసేపు విని, తల ఊపి, పిడికెడు మట్టి వేశాడట. ఏమని జవాబు వచ్చిందని ఎవరో అడిగితే, "బియ్యం చవకంట" అన్నాడట.

ఆ మాఘంలో నేను సెలవు పెట్టి ఊరికి వెళ్లాను, కాబట్టి ఇది చూసినది. మస్తానప్ప ఒక్కడే వచ్చాడు, ముఖమంతా సున్నంతో. ఆట ఏమీ ఆడలేదు. కాలువ సందు వెంట మెల్లగా నడిచి, ఓబులమ్మ అరుగు మీద, వామనగుంటల పక్కన కూర్చున్నాడు. పెద్దనాయన అప్పటికి లేడు. ఓబులమ్మ వంగిపోయిన నడుముతో చెంబు తెచ్చింది. మస్తానప్ప ఏమీ అడగకుండానే కుడి సగం కడిగాడు, ఆగకుండా ఎడమ సగమూ కడిగాడు.

"కరువు తీరిందని నేను చెప్పలేదే అప్పా," అంది ఓబులమ్మ.

"నువ్వు ఈడనే ఉండావు కదా తల్లీ. తీరినట్టే." తడి ముఖాన్ని తువాలుతో తుడుచుకున్నాడు. "వాని సగం కూడా నేనే కడగాల. పొద్దున్నుంచి ఆడినదంతా అబద్ధం. కాలవ రాదు. ఇంగ నేను మనిషిని."

"నాకు తెలుసప్పా," అంది ఆమె నవ్వుతూ. "లెయ్, సంకటి తిందువు."

ఇప్పుడు ఆ ఇంట్లో సుబ్బులు ఉంది. రెండు ఆవులు, నాలుగు మేకలు, ఎర్రగుంట్ల ఫ్యాక్టరీకి లారీ తోలే కొడుకు. ఊళ్లో బోర్లు పడ్డాయి, కొన్ని ఎండాయి. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరు కాలువ సందులోంచే వస్తుంది, వేరే దారిలో పట్టదు. ఆ మధ్య గండికోట ఉత్సవాలకు మా చెల్లెలి మనవడు నన్ను తీసుకుపోయాడు. కోట లోపల వేదిక మీద పట్నంనుంచి వచ్చిన ఇద్దరు యువకులు ముఖాలకు తెల్లరంగు పూసుకుని, ఖాళీ పళ్లేల ముందు కూర్చుని, లేని అన్నం తింటున్నారు.

"అవ్వా, దీన్ని పర్ఫార్మెన్స్ ఆర్ట్ అంటారు. శానా కొత్తది," అన్నాడు వాడు.

"ఓళిగ ఎవరు ముందు తిన్నారు?" అని అడిగాను. వాడికి అర్థం కాలేదు. ఆ యువకులు బాగానే చేశారు. నేను చప్పట్లు కొట్టాను. ఆట ముగిశాక ముఖాలు ఎక్కడ కడుక్కుంటారోనని చూశాను. వేదిక వెనక్కి వెళ్లిపోయారు.

సాయంత్రానికి మా గోడలన్నీ తెల్లబడ్డాయి. పనివాడి ముఖం మీదా, కనుబొమల మీదా సున్నం చిందులు పడి ఎండాయి. "అమ్మా, కాసిన్ని నీళ్లు ఇయ్యండి" అన్నాడు. కొళాయి పక్కనే ఉంది. అయినా నేను లోపలికి పోయి ఇత్తడి చెంబు నిండా తెచ్చి ఇచ్చాను. అతను వంగి, చెవుల వెనక దాకా, మెడ దాకా, ముఖమంతా శుభ్రంగా కడుక్కున్నాడు. ఖాళీ చెంబు తిరిగి ఇస్తూ, నేను అలాగే చూస్తూ నిలబడటం గమనించి, చెంపలు తడుముకున్నాడు.

"ఇంకా ఏమన్నా ఉండాదామ్మా మొగం మీద?"

"లేదప్పా," అన్నాను నవ్వుతూ. "అంతా పోయింది."